ఎగరని గంటలు

ధనంజయ మద్రాసు నుంచి వచ్చి, సంచి మంచం మీద పెట్టి, కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. మాసిన బట్టలు నానబెడదామని జ్ఞానాంబ సంచిలో చెయ్యి పెట్టింది. చొక్కాలు వచ్చాయి, తువ్వాలు వచ్చింది, కూతురికి తెచ్చిన రబ్బరు బాతు వచ్చింది. ఎప్పుడూ అడుగున పాలిథీన్ కవర్లో చుట్టి ఉండే నీలం అట్ట పుస్తకం మాత్రం చేతికి తగల్లేదు. సంచి తిరగేసి దులిపింది. రెండు బస్సు టికెట్లు రాలాయి, అంతే.

"బావా, లైసెన్సు యాడ?"

"ఇచ్చినా," అన్నాడు పెరట్లోంచి.

"ఎవురికి?"

"జయరామ్‌కి. పోయినసారి చెప్పినా గదా, ఆఫ్రికాలో, జాంబియాలో విమానాల మెకానిక్కు. వాళ్ల కంపెనీకి పైలట్లు కావాలంట. మన దేశం లైసెన్సుతో ఆడ నడపొచ్చునని ఆ గవర్మెంటోళ్లు ఒప్పుకుని కాయితం ఇయ్యాల. దానికి ఒరిజినల్ పంపాలంట."

"నకలు ఇయ్యకుండా ఒరిజినలే ఇచ్చేసి వచ్చినావా?"

"నకలు చూసి ఎవురు ముద్రేస్తారు జ్ఞానా?"

జ్ఞానాంబకి ఆ మాట మింగుడుపడలేదు. తిరుపతి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంక్ బోర్డు ముందు తొమ్మిదేళ్లుగా కూర్చుంటున్న మనిషి ఆమె. ఇప్పుడు 1983. గల్ఫ్ మోజులో పాస్‌పోర్టులు ఏజెంట్ల చేతుల్లో పోసి, ఆ తరవాత బొంబాయికి కాల్ బుక్ చేసి, ఎక్స్ఛేంజి వరండాలో గంటల తరబడి కూర్చునే మగవాళ్లని వారానికి నలుగురినైనా చూస్తోంది. పీలేరు వాళ్లు, రాయచోటి వాళ్లు, వాయల్పాడు వాళ్లు. అందరూ ఫలానా మనిషితోనే మాట్లాడాలని పీపీ కాల్ బుక్ చేసేవాళ్లే. అటునుంచి వచ్చే జవాబు మాత్రం ఎప్పుడూ ఒకటే. "ఆయన ఊళ్లో లేరు." ఆ మాటని కిటికీలోంచి తల బయటపెట్టి వాళ్లకి చెప్పాల్సింది తనే. విన్నవాళ్ల మొహాలు ఎట్లా మాడిపోతాయో ఆమెకి బాగా తెలుసు.

ధనంజయ ఆమె మేనత్త కొడుకు. వాళ్ల నాయనకి నగరిలో మరమగ్గాలు ఉండేవి. నలుగురు కొడుకుల్లో ఇతనొక్కడే మగ్గం వైపు చూడకుండా ఆకాశం వైపు చూశాడు. మద్రాసు ఫ్లయింగ్ క్లబ్బులో చేరి, 1975లో కమర్షియల్ పైలట్ లైసెన్సు తెచ్చుకున్నాడు. నగరిలో అప్పుడు అతన్ని మేళతాళాలతో ఊరేగించారు. ఆ తరవాత ఏమీ జరగలేదు. దేశంలో ప్రయాణికుల విమానాలు నడిపేవి రెండు కంపెనీలు. పది ఖాళీలకి వెయ్యిమంది లైసెన్సులు పట్టుకుని నిలబడేవాళ్లు. ధనంజయ నాలుగుసార్లు ఇంటర్వ్యూకి పోయి నాలుగుసార్లూ తిరిగొచ్చాడు. తిరుపతి బస్టాండు దగ్గర పంపుసెట్ల అంగడిలో మేనేజరుగా కుదిరి, ఏడేళ్లుగా రైతులకి మోటార్ల హార్స్‌పవర్ గురించి చెబుతున్నాడు. ఆరు నెలలకొకసారి మాత్రం మద్రాసు పోయి, డాక్టరుకి కళ్లూ చెవులూ చూపించుకుని, క్లబ్బు విమానంలో రెండు మూడు గంటలు ఎగిరి వచ్చేవాడు. అట్లా ఎగరకపోతే లైసెన్సు చచ్చిపోతుంది.

అంత ప్రాణంలా చూసుకున్న పుస్తకాన్ని ముక్కూమొహం తెలియని వాడి చేతిలో పెట్టి వచ్చాడు.

"ఆ జయరామ్‌ది ఏ ఊరు?" అని అడిగింది రాత్రి అన్నం పెడుతూ.

"గూడూరు. వాళ్ల తాతలు అభ్రకం గనుల్లో యాపారం చేసినోళ్లు. అయినా నువ్వు పోలీసా ఏమి, ఇన్ని అడుగుతావుండావు?"

"నెంబరు ఏమన్నా ఇచ్చినాడా?"

అతను జేబులోంచి ఒక కార్డు తీసి కంచం పక్కన పెట్టాడు. ఇంగ్లీషులో పేరుంది, కింద మద్రాసు ఫోన్ నెంబరుంది. వీధి పేరు లేదు. కంపెనీ పేరూ లేదు.

మరునాడు పది గంటలకి బోర్డు కాస్త సద్దుమణిగినప్పుడు జ్ఞానాంబ మద్రాసు లైన్లో ప్లగ్గు పెట్టింది. అటు ఆపరేటరు పంకజాక్షి పలికింది. ఇద్దరూ తొమ్మిదేళ్లుగా రోజూ మాట్లాడుకునేవాళ్లే. ఒకరి మొహం ఒకరు ఎప్పుడూ చూడలేదు. పంకజాక్షి ఇంట్లో ఏ రోజు ఏ కూరో కూడా జ్ఞానాంబకి తెలుసు.

"పంకజం, ఒక నెంబరు చెప్తా. ఎవురి పేరు మీద ఉండాదో చూస్తావా?"

కాసేపటికి పంకజాక్షి నవ్వుతూ తిరిగొచ్చింది. "ఏందక్కా, ఊరగాయ పెట్టబోతున్నావా? కొత్తవాల్ చావిడిలో నిమ్మకాయల మండీ అది."

"సరిగ్గా చూసినావా?"

"రెండుసార్లు చూసినా. కలపమంటావా?"

జ్ఞానాంబ కలపమంది. అటు ఎవరో అరవంలో గట్టిగా బస్తాల లెక్క అరుస్తున్నారు. జయరామ్ ఉన్నాడా అని అడిగింది. అటువైపు గొంతు "ఆయన ఊళ్లో లేరు" అంది. బొంబాయి పోయాడట. ఎప్పుడొస్తాడో తెలియదట.

ఆమె ప్లగ్గు పీకేసింది. ఊళ్లో లేడు. బొంబాయి పోయాడు. విమానం కంపెనీ కాస్తా నిమ్మకాయల మండీ అయింది.

సాయంత్రం చెబితే ధనంజయ నమ్మలేదు సరికదా, కోపం తెచ్చుకున్నాడు.

"మండీ వాళ్ల అక్కదంట, గూడూరులో ఒకటి, మద్రాసులో ఒకటి. ఉంటే ఏమి? మనిషి ఆడ దిగినాడు. నాకు ముప్పై నాలుగేండ్లు జ్ఞానా. ఇంకో రెండేండ్లు పోతే నన్నెవురూ పిలవరు. వచ్చిన ఒక్క దారికీ నువ్వే ముళ్లు కొట్టి అడ్డం పెడతావా?"

"ముళ్లు నేను కొట్టలేదు. ఉండాయేమో చూస్తావుండాను."

"చూసుకో," అని చొక్కా తొడుక్కుని బయటికి పోయాడు.

ఆ వారం ఆమెకి అన్నం సయించలేదు. లైసెన్సు మీద అతని ఫోటో ఉంది, సంతకం ఉంది. ఫోటో పీకేసి ఇంకొకడిది అంటిస్తే? ఏ దేశంలోనో ఎవడో ధనంజయ పేరుతో విమానం ఎక్కి దాన్ని కూల్చేస్తే? బోర్డు ముందు కూర్చుని ప్లగ్గులు మారుస్తున్నా ఇదే ఆలోచన. సెలవు రోజు రాగానే, కూతురు మునిలక్ష్మిని పక్కింట్లో వదిలి, అక్క ఇంటికి పోతున్నానని చెప్పి రేణిగుంట మీదుగా గూడూరు రైలెక్కింది.

గూడూరు స్టేషన్లో దిగి నిమ్మకాయల మార్కెట్టు ఎక్కడని ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. వాసనే దారి చూపించింది. జయరామ్ అక్క శకుంతలమ్మ మండీ అంటే అందరికీ తెలుసు. యాభై ఏళ్ల మనిషి, చెవులకి కమ్మలు తప్ప ఒంటి మీద నగ లేదు. కాయల రాశి పక్కన స్టూలు మీద కూర్చుని, పుచ్చిన కాయల్ని వేలితో చూపించి ఏరిస్తోంది.

"బస్తా ఎంత పలుకుతావుంది అక్కా?" అని జ్ఞానాంబ మొదలుపెట్టింది.

శకుంతలమ్మ ఆమె చీరనీ, చేతి గడియారాన్నీ, చెప్పుల్నీ నిదానంగా చూసింది. "యాడి నుంచి వొచ్చినావమ్మా?"

"తిరుపతి."

"నిమ్మకాయలకి తిరుపతి నుంచి గూడూరుకి రైలెక్కి వొచ్చేవాళ్లని నేను చూళ్లా. సంగతి చెప్పు."

జ్ఞానాంబకి మొహం వేడెక్కింది. ఇక దాచి లాభం లేదని పేరు చెప్పింది, లైసెన్సు సంగతి చెప్పింది, మండీకి ఫోన్ చేసిన సంగతి కూడా చెప్పేసింది. శకుంతలమ్మకి కోపం రాలేదు. పనివాళ్లకి ఏదో చెప్పి, లేచి, వెనక ఉన్న ఇంట్లోకి తీసుకుపోయింది. గోడకి ఫోటోలున్నాయి. రెక్క కింద నూనె మరకల బట్టలతో నిలబడ్డ జయరామ్. నల్లజాతి పిల్లలతో జయరామ్. ఆరు సీట్ల చిన్న విమానం, దాని తోక మీద శాండ్‌రివర్ ఎయిర్ సర్వీసెస్ అని ఇంగ్లీషు అక్షరాలు. పద్నాలుగేళ్ల ఉత్తరాలన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో వరసగా కట్టి ఉన్నాయి. స్టాంపుల మీద జాంబియా రాజధాని లుసాకా ముద్రలు.

జ్ఞానాంబ ఒక్కొక్క ముద్రా చూసింది. తేదీలు వరసగా ఉన్నాయి. అనుమానించడానికి ఏమీ దొరకలేదు.

"ఇప్పుడు నన్నొక మాట అడగనీ," అంది శకుంతలమ్మ, మజ్జిగ గ్లాసు చేతికిస్తూ. "మీ ఆయన ఆ కాయితం ఎందుకియ్యలా?"

"ఏ కాయితం?"

"గంటల కాయితం. పైలట్లు ఎన్ని గంటలు ఎగిరినారో ఒక పుస్తకంలో రాసుకుంటారంట గదా. ఆ పుస్తకం నిజమేనని క్లబ్బువాళ్లు ముద్రేసి ఇయ్యాల. మా వాడు అడిగి నెల దాటింది. ఈ వారం, వొచ్చే వారం అంటా ఉండాడంట."

"నాకు తెలీదక్కా."

"మా వాడికి అదే దిగులు. పోయినేడు సేలం పిల్లోణ్ణి ఒకణ్ణి పంపించినాడు. ఆ పిల్లోడు పుస్తకంలో రాసుకున్న గంటలు సగం అబద్ధం. ఆడికి పొయ్యినాక గాలిలో తేలిపొయ్యింది. నెలకే తిప్పి పంపినారు. మా వాడి ఉద్యోగమే పోబోయింది, నువ్వు తెచ్చిన మనిషే గదా అని." శకుంతలమ్మ గొంతు తగ్గించింది. "నువ్వు నా తమ్ముడు దొంగేమో అని వొచ్చినావు. తప్పు లేదు. మేం కూడా మీ ఆయన గురించి అదే అనుకుంటా ఉండాం."

తిరుగు రైల్లో జ్ఞానాంబ కిటికీ పక్కనే కూర్చున్నా వెంకటగిరి ఎప్పుడు దాటిందో, కాళహస్తి ఎప్పుడొచ్చిందో తెలియలేదు.

ఇంటికొచ్చేసరికి మూడు గంటలైంది. ధనంజయ అంగడిలో ఉన్నాడు. ఇనప్పెట్టె తాళం చెవి ఎక్కడ పెడతాడో ఆమెకి తెలుసు. ఎన్నడూ తియ్యలేదు, ఆ రోజు తీసింది. పట్టుబట్టల కింద ఉంది ఆ పుస్తకం, లాగ్‌బుక్కు. తేదీ, విమానం నెంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని గంటలు ఎన్ని నిమిషాలు. ఆమె రోజూ ట్రంక్ టికెట్ల మీద రాసే లెక్క కూడా ఇలాంటిదే. ఎవరు ఎవరికి, ఎప్పుడు మొదలు, ఎన్ని నిమిషాలు. తొమ్మిదేళ్లలో అట్లాంటి టికెట్లు లక్ష రాసుంటుంది. అప్పటికప్పుడు రాసిన టికెట్టుకీ, తీరిగ్గా కూర్చుని తరవాత నింపిన టికెట్టుకీ తేడా కంటితోనే పట్టేస్తుంది.

మొదటి మూడేళ్ల పేజీలు అప్పటికప్పుడు రాసినవే. సిరా మారింది, అక్షరం ఒకరోజు నిటారుగా, ఒకరోజు వంకరగా ఉంది. ఒక పేజీ మీద గ్రీజు వేలిముద్ర కూడా ఉంది. ఆ తరవాత వచ్చిన ఏడెనిమిది పేజీలు మాత్రం ఒకే సిరా, ఒకే వాటం. ఒకే పూటలో కూర్చుని రాసినట్టు నున్నగా ఉన్నాయి.

వేలు పెట్టి తేదీలు చదువుకుంటూ వచ్చింది. 1977 నవంబరు 19, మద్రాసు నుంచి మద్రాసుకి, రెండు గంటల పది నిమిషాలు. నవంబరు 20, గంటా యాభై నిమిషాలు.

ఆమె వేలు అక్కడే ఆగిపోయింది.

ఆ రెండు రోజుల్నీ మరిచిపోవడం ఆమె తరం కాదు. కోస్తాలో తుఫాను. విజయవాడ వైపు లైన్లు తెగిపోయాయి. కొండకి వచ్చిన కోస్తా యాత్రికులందరూ ఏడుస్తూ ఎక్స్ఛేంజి ముందు గుమిగూడారు. ఆపరేటర్లు ఎవరూ ఇంటికి పోలేదు. తనకప్పుడు నాలుగో నెల, నీళ్లు కూడా ఇమిడేవి కావు. ఆ రెండు రోజులూ మూడు పూటలా, వానలో తడుస్తూ, పెరుగన్నమూ నార్తంగాయ ఊరగాయా క్యారియర్లో పెట్టుకుని వచ్చింది ధనంజయే. బోర్డు వెనక నిలబడి, తను రెండు ముద్దలు తినేదాకా కదిలేవాడు కాదు. ఆపరేటర్లందరూ చూసి కుళ్లుకున్నారు. అటువంటి మొగుడు ఉండాలంటే రాసిపెట్టి ఉండాలని సూపర్‌వైజరు ఆనందమ్మ పైకే అంది.

ఆ రోజే మద్రాసు మీద రెండు గంటల పది నిమిషాలు ఎగిరినట్టు ఈ పుస్తకంలో రాసి ఉంది.

చివరి పేజీ అడుగున మొత్తం చూసింది. ఐదు వందల ముప్పై ఎనిమిది గంటలు. కాగితం తీసుకుని, నున్నటి పేజీలు వదిలేసి, మిగతావి కూడింది. మూడు వందల పన్నెండు వచ్చింది. మళ్లీ కూడినా అంతే వచ్చింది.

ధనంజయ వచ్చేసరికి లాగ్‌బుక్కు మంచం మీద తెరిచి ఉంది. ఆ పేజీయే. అతను చూశాడు. చెప్పులు విడవకుండానే గడప దగ్గర ఆగిపోయాడు.

"తుఫాన్లో ఎగిరినావా బావా?"

అతను పుస్తకం మీదనుంచి చూపు తిప్పుకున్నాడు.

"క్యారియర్ ఎవురు తెచ్చినారు మరి? నీ అన్న తెచ్చినాడా?"

"ఐదు నూర్లు ఉంటేనే పిలుస్తాం అన్నారు జాంబియావాళ్లు," అన్నాడు చివరికి. "నాకు మూడు నూర్ల పన్నెండు ఉండాయి. అందురూ రాసుకుంటారు జ్ఞానా. క్లబ్బులో ఎవుర్ని అడిగినా చెప్తారు. నాకు నడపడం రాదా? వస్తుంది గదా. ఆ గంటలు ఎగరడానికి నాకెవురూ విమానం ఇయ్యకపోతే అది నా తప్పా?"

"ముద్ర ఎందుకు పడలేదు?"

"బాలసుబ్రమణ్యం సారు వెయ్యనన్నాడు." బాలసుబ్రమణ్యం అతనికి విమానం నేర్పిన గురువు, క్లబ్బులో పెద్ద. "పుస్తకం తిరగేసి, నా మొహం చూసి, పో అన్నాడు. ఇంకోరి చేత వేయించుకుందామని చూస్తావుండా."

"నిమ్మకాయల మండీవాడు దొంగేమో అని వారమంతా ఏడిస్తి నేను," అంది జ్ఞానాంబ. గొంతు పైకి లేపలేదు. "నీ వెనకాల సీట్లో కూచునేవాడు నిన్ను చూసి కూచోడు. ఈ పుస్తకాన్ని చూసి కూచుంటాడు. వాడికీ ఇంట్లో ఒక మునిలక్ష్మి ఉంటాది."

"అంటే ఏమి, నేను చంపుతానంటావా మనుషుల్ని?"

"ఏమో. నాకు తెలీదు. నిన్నటిదాకా నువ్వు అబద్ధం రాస్తావని కూడా నాకు తెలీదు."

ఆ మాట అతనికి తగిలింది. లాగ్‌బుక్కు మూసి, చంకలో పెట్టుకుని, వచ్చినదారినే వెళ్లిపోయాడు. పొద్దున్నే మద్రాసు బస్సెక్కాడని అంగడివాళ్లు చెప్పారు. రెండు రోజులకి తిరిగొచ్చాడు. ముద్ర వేయించుకున్నాడో, వేయించుకుంటే దేని మీద వేయించుకున్నాడో చెప్పలేదు. ఆమె అడగలేదు. పుస్తకం పెట్టెలోకి పోయింది, తాళం చెవి చోటు మారింది. ఒకే ఇంట్లో ఇద్దరూ మునిలక్ష్మి మీదుగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

పది రోజులకి జయరామ్ నుంచి టెలిగ్రాం వచ్చింది. గురువారం రెండు గంటలకి కంపెనీ పెద్ద పైలట్ కెప్టెన్ ములెంగా లుసాకా నుంచి మాట్లాడతాడు, తిరుపతి ఎక్స్ఛేంజికి పీపీ కాల్ వస్తుంది, తయారుగా ఉండమని. ఇంట్లో ఫోన్ లేదు కాబట్టి ఎక్స్ఛేంజి ముందు హాల్లో ఉన్న బూత్‌లోనే మాట్లాడాలి. గురువారం మధ్యాహ్నం బోర్డు డ్యూటీ జ్ఞానాంబదే.

ధనంజయ ఒకటిన్నరకే వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. పక్కన పీలేరు నుంచి వచ్చిన ముసలాయన ఎవరో కొడుకు కోసం బొంబాయి కాల్‌కి ఎదురుచూస్తున్నాడు. జ్ఞానాంబ లోపల్నుంచి కిటికీలో ఒకసారి చూసింది. ఎప్పుడూ తను జాలిపడే ఆ బెంచీ మీద తన మొగుడే కూర్చున్నాడు.

రెండుంపావుకి బొంబాయి ఓవర్సీస్ ఎక్స్ఛేంజి పలికింది. లండన్ మీదుగా లుసాకా లైన్లో ఉంది, మనిషి ఉన్నాడా అని. జ్ఞానాంబ బూత్‌లో గంట మోగించింది. "మాట్లాడండి" అంది, పరాయి మనిషితో అన్నట్టు.

రెండువైపులా గొంతులు వినిపిస్తున్నాయో లేదో చూసి, వినే కీ మూసెయ్యాలి. అది నియమం. మూయకుండా వింటే మెమో ఇస్తారు. రెండోసారైతే ఉద్యోగమే పోతుంది. సూపర్‌వైజరు ఆనందమ్మ నాలుగడుగుల దూరంలో రిజిస్టరు చూసుకుంటోంది. తొమ్మిదేళ్లలో జ్ఞానాంబ ఎవరి మాటా దొంగగా వినలేదు. ఆ రోజు మాత్రం కీ మూయలేదు. కుడిచెయ్యి ప్లగ్గు మీద పెట్టుకుంది. ఐదు వందల ముప్పై ఎనిమిది అనే మాట అతని నోట్లోంచి వస్తే పీకేస్తాను అనుకుంది. లైను తెగిపోయింది సార్, అని బొంబాయికి చెబుతుంది. రోజుకి ఇరవై లైన్లు తెగుతాయి, ఎవరూ అడగరు.

సముద్రం అడుగునుంచి వస్తున్నట్టు ఉంది ములెంగా గొంతు. ఇంగ్లీషు నిదానంగా, ఒత్తి పలుకుతున్నాడు. వయసు అడిగాడు. ఏ విమానాలు నడిపావని అడిగాడు. ఒక ఇంజను ఆగిపోతే ఏం చేస్తావని అడిగాడు. ధనంజయ తడుముకోకుండా చెప్పాడు. ఇంగ్లీషులో అంత ధాటిగా మాట్లాడగలడని జ్ఞానాంబకి తెలియదు. పంపుసెట్ల అంగడిలో ఆ గొంతు ఎప్పుడూ వినలేదు.

"మొత్తం ఎన్ని గంటలు?" అని అడిగాడు ములెంగా.

లైన్లో గరగర మాత్రం వినిపించింది. ఆమె వేళ్లు ప్లగ్గు చుట్టూ బిగుసుకున్నాయి.

"మూడు వందల పన్నెండు," అన్నాడు ధనంజయ.

"జయరామ్ ఐదు వందలు దాటాయని రాశాడే?"

"నేను అతనికి అట్లా చెప్పాను. నా పుస్తకంలో అట్లా రాసుకున్నాను. అది తప్పు, సార్."

లైను పోయిందేమోనని జ్ఞానాంబ బోర్డు మీది దీపం వైపు చూసింది. వెలుగుతూనే ఉంది.

"మరి ఇప్పుడెందుకు చెబుతున్నావు?"

"నా భార్య చదివింది," అన్నాడు ధనంజయ. "ఆమె టెలిఫోన్ ఆపరేటరు. ఎవరు ఎప్పుడు ఎక్కడున్నారో ఆమెకి బాగా గుర్తుంటుంది."

అటువైపు చిన్నగా దగ్గో నవ్వో వినిపించింది. "ఈ కాల్ కలిపింది ఎవరు? ఆమేనా?"

"అవును సార్."

"ఇప్పుడు కూడా వింటోందా?"

ధనంజయ జవాబిచ్చేలోపే జ్ఞానాంబ చెయ్యి తనంతట తనే కీ మీదికి పోయింది. టక్కున మూసేసింది. చెవిలో నిశ్శబ్దం. ఆనందమ్మ తలెత్తి చూసి, "ఏమయింది?" అంది. "ఏం లేదు మేడం, లైను బాగానే ఉండాది," అంది జ్ఞానాంబ.

దీపం ఇంకో ఐదు నిమిషాలు వెలుగుతూనే ఉంది. ఐదు నిమిషాలు వాళ్లేం మాట్లాడుకున్నారో ఆమెకి తెలియదు. దీపం ఆరగానే టికెట్టు మీద టైము రాసి, రెండు నిమిషాలు పర్మిషన్ అడిగి హాల్లోకి వచ్చింది. ధనంజయ బూత్ తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమన్నాడు?"

"నువ్వు ఇన్లేదా?"

"లేదు. మూసేసినా."

అతను ఆమె కళ్లలోకి చూశాడు. ఇన్నాళ్లూ తను అతన్ని చూసిన చూపు అది. ఎదుటివాళ్ల మాటలో ఎంత నిజముందో తూచే చూపు. తన మీద పడితే ఎట్లా ఉంటుందో ఆమెకి అప్పుడే తెలిసింది.

"నిజంగానే?" అన్నాడు.

"మొదట ఇన్నాను. మూడు నూర్ల పన్నెండు దాకా ఇన్నాను. ఆ పైన మూసేసినా."

అతను తల ఊపాడు. "పైలట్‌గా తీసుకోలేమన్నాడు. ఐదు నూర్లు లేందే వాళ్ల గవర్మెంటే ఒప్పుకోదంట. తపాలా బస్తాలు మోసే రెండింజన్ల విమానం ఒకటి ఉండాదంట. దాంట్లో రెండో సీటు. ఏడాది కూచోవాల. వాళ్ల చట్టాల పరీక్ష రాయాల. రాస్తే అప్పుడు చూస్తామన్నాడు. పుస్తకం సరిచేసి, మా గురువు ముద్రతో పంపమన్నాడు."

"అంతేనా?"

"అంతే."

అంతేనో కాదో అని ఆమె ఆ తరవాత చాలా రోజులు అనుకుంది. మూసేసిన ఆ ఐదు నిమిషాలు గొంతులో ముల్లులా ఉండిపోయాయి. బహుశా ములెంగా అసలు వద్దన్నాడేమో, ఇతను మొహం చెల్లక రెండో సీటు కథ అల్లాడేమో. ఇద్దరూ కలిసి మద్రాసు పోయి బాలసుబ్రమణ్యాన్ని కలిసినప్పుడు కొంత నమ్మకం కుదిరింది. ముసలాయన కళ్లద్దాలు తుడుచుకుని, స్కేలు పెట్టి, ఎగరని గంటల ఒక్కొక్క వరసనీ ఎర్ర సిరాతో కొట్టేశాడు. ప్రతి గీత పక్కనా ధనంజయ చేత సంతకం పెట్టించాడు. నూటా యాభై పైగా సంతకాలు. అయ్యేసరికి మధ్యాహ్నం అయింది. చివర్లో మూడు వందల పన్నెండు అని రాసి ముద్ర వేసి, "ఇప్పుడు పో అప్పా," అన్నాడు. ఆ "పో" మొదటిసారి అన్న "పో" లాగా లేదు.

అక్టోబరులో లైసెన్సు రిజిస్టర్డ్ పోస్టులో తిరిగొచ్చింది. జాంబియా ప్రభుత్వం ఇచ్చిన అంగీకార పత్రం దానికి పిన్ను కొట్టి ఉంది, ఏడాదికి, రెండో పైలట్‌గా మాత్రమే. జ్ఞానాంబ ఆ కాగితాన్ని వెలుతురుకి అడ్డంగా పట్టుకుని చూసింది. ముద్రలో అక్షరాలు కూడబలుక్కుని చదివింది. లుసాకా అక్షరాలు శకుంతలమ్మ ఇంట్లో చూసినట్టే ఉన్నాయి. అయినా మనసు పూర్తిగా ఒప్పుకోలేదు. ఒకసారి పగిలిన నమ్మకానికి ముద్రలు అంటుకోవు.

1984 జనవరిలో ధనంజయ వెళ్లాడు. జ్ఞానాంబనీ, మునిలక్ష్మినీ తరవాత పిలిపించుకోవడానికి పాస్‌పోర్టు ఫారాలు తెచ్చి ఇచ్చి, నింపి ఉంచమని చెప్పాడు. ఆమె వాటిని బీరువాలో పెట్టింది. నింపలేదు. ఉత్తరాలు వచ్చేవి. అక్కడి మొక్కజొన్న గంజి గురించి, జయరామ్ ఇంట్లో మేడ మీద గది గురించి, వాన కడిగిన ఆకాశం గురించి రాసేవాడు. అంతా బాగుందనే రాసేవాడు. అంతా బాగుండటమే ఆమెకి అనుమానం. ప్రతి ఉత్తరమూ రెండుసార్లు చదివి, ఏ మాట వెనక ఏం దాచాడో వెతికేది. పీలేరు మనుషుల కొడుకులు కూడా గల్ఫ్ నుంచి ఇట్లానే రాస్తారు మరి.

ఏప్రిల్‌లో ఒక ఉత్తరం డ్యూటీలో ఉండగా వచ్చింది. పోస్ట్‌మన్ మునిరత్నం ఎక్స్ఛేంజికే తెచ్చి ఇచ్చాడు. ఒక్క పేజీ. చట్టాల పరీక్షలో తప్పాను, అని మొదటి వాక్యమే రాశాడు. డెబ్బై రావాలి, యాభై ఎనిమిది వచ్చింది. మళ్లీ జూన్‌లో రాయాలి. అప్పటిదాకా విమానం ఎక్కనివ్వరు, షెడ్డులో బస్తాలు లెక్కపెడుతున్నాను. ములెంగా బాగా తిట్టాడు. సిగ్గుగా ఉంది. నీకు చెప్పకూడదనుకున్నాను, రెండు రోజులు ఆగి రాస్తున్నాను.

జ్ఞానాంబ ఆ ఉత్తరం చదివి నవ్వింది. చిరునవ్వు కాదు, బోర్డు ముందు కూర్చున్న నలుగురూ తిరిగి చూసేటంత గట్టిగా నవ్వింది. ఏడాదిగా ఛాతీ మీద ఉన్న బరువేదో జారిపోయింది. తప్పానని చెప్పుకున్న మనిషి మిగతావన్నీ కూడా ఉన్నదున్నట్టే రాసి ఉంటాడు. గది ఉంది. గంజి ఉంది. రెండో సీటూ ఉంది.

"ఏమే, ఏం రాసినాడు మీ ఆయన?" అని ఆనందమ్మ అడిగింది.

"పరీక్ష తప్పినాడంట మేడం."

"తప్పితే నవ్వుతావేందే?"

చెన్నూరు వాళ్లెవరో హైదరాబాదు అడుగుతున్నారు, ప్లగ్గు తీసి కలిపింది. సాయంత్రం ఇంటికి పోయి, దీపం పెట్టి, మునిలక్ష్మిని పక్కన కూర్చోబెట్టుకుని, బీరువాలోంచి ఫారాలు తీసింది. పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, భర్త పేరు, భర్త ఉద్యోగం. ఉద్యోగం దగ్గర కలం ఒక్క నిమిషం ఆపి, "రెండో పైలట్" అని రాసింది.